కారణం గట్టిగా చెప్పాలి

మా ఇంట్లో ఎవరికీ జీతం లేదు. కింద అద్దాల కొట్టు, పైన కాపురాలు. మామయ్య, ఆయన ఇద్దరు కొడుకులు, ఇద్దరు కోడళ్లం, అందరం కొట్లోనే చాకిరీ చేస్తాం. ఎవరికి ఏం కావాలన్నా కిందికి దిగి గల్లాపెట్టెలోంచి తీసుకోవడమే. కాకపోతే ఒక షరతు. ఎంత తీస్తున్నామో, దేనికి తీస్తున్నామో గట్టిగా చెప్పాలి. కొట్లో ఎవరున్నా సరే.

ఆ షరతు మామయ్య పెట్టింది. వయసులో ఉన్నప్పుడు ఆయనా, వాళ్లన్నయ్యా కలిసి ఇదే కొట్టు నడిపారట. చెప్పకుండా తీసిన డబ్బు దగ్గర అనుమానం పుట్టి, మాటా మాటా పెరిగి, చివరికి ముఖాలు చూసుకోవడం మానేశారు. అన్నగారు పోయినప్పుడు కూడా ఈయన వెళ్లలేదు. అప్పటినుంచి మా ఇంట్లో గుసగుసలకు తావు లేదు. నా లోపలి లంగాల ఖరీదు, మా ఆయన పంటినొప్పి, బావగారి మొలల మందు, అన్నీ కిటికీ అద్దం కోసం వచ్చిన ముక్కూ మొహం తెలియని వాళ్లు కూడా విన్నారు. కొత్తలో నాకు ఒళ్లు మండిపోయేది. తర్వాత సిగ్గు చచ్చిపోయి ఊరుకున్నాను. ఇలా ఉన్నాం కాబట్టే ఇల్లు నిలిచిందని మామయ్య వచ్చినవాళ్లందరికీ గొప్పగా చెప్పుకునేవారు.

నేను చెప్పబోయేది మా తోడికోడలి గురించి. నేను అక్కా అని పిలుస్తాను. మా దగ్గర గాజు కోయించుకునే వడ్రంగులు మాత్రం ఆమెకు మిల్లీమీటరు అని పేరు పెట్టారు. కొలత ఒకసారి వింటే చాలు, గాజు మీద కట్టరుతో ఒక్క గీత గీసి, బల్ల అంచున పెట్టి టక్కున విరిచేది. మగవాళ్లు కోసినవాటిలో పదింట ఒకటి చెత్తబుట్టకే పోయేది. అక్క కోసింది నేరుగా కిటికీలో కూర్చునేది. నోరు కూడా అంత పదునే. "మీ తలుపు వంకరైతే నా గాజేం చేస్తుందయ్యా, దానికి వంగడం రాదు," అని వడ్రంగుల్ని ఏడిపించేది.

అలాంటి మనిషి ఒకరోజు మధ్యాహ్నం బీరువా అద్దాన్ని రెండంగుళాలు తక్కువ కోసింది. బావగారు నవ్వి ఊరుకున్నారు. నాకు నవ్వు రాలేదు. మా కొట్లో నాలుగు గోడలకీ అద్దాలే, ఏడుపు దాచుకోవడానికి చోటుండదు. అక్క అటు తిరిగినా ఆమె ముఖం నాకు మూడు అద్దాల్లో కనిపించింది.

వెనక గదిలో ఖాళీ చెక్కపెట్టెల మధ్యకు లాక్కెళ్లి, చెయ్యి పట్టుకుని అడిగాను.

"రొమ్ములో గడ్డ తగిలిందే. మూడు వారాలైంది," అంది. "నా చిన్నదాని దగ్గుకు డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లినప్పుడు నేనూ చూపించుకున్నా. పెద్దాసుపత్రిలో సూది పరీక్ష చేయించుకోమని చీటీ రాసిచ్చింది."

"మరి వెళ్లలేదేం?"

"ఏమని తియ్యనే డబ్బు?"

"బావగారితో చెప్పు."

"చెబితే మాత్రం? ఆయన రావాల్సిందీ ఆ పెట్టె దగ్గరికే కదా. మామయ్య ముందు, వడ్రంగుల ముందు, ఆయన నోటితో నా ఒంటి మాట... పైగా అంచులు నూరే యంత్రానికి మొన్ననే అడ్వాన్సు కట్టారు. నా మూలంగా అది ఆగిపోతే జన్మంతా వినాలి." గొంతు తగ్గించింది. "భయంగా ఉందే. పరీక్షలో ఏం తేలుతుందోనని ఒక భయం. పెట్టె దగ్గర నిలబడి ఆ మాట అనాలంటే ఇంకో భయం. నిజం చెప్పనా, రెండోదే ఎక్కువగా ఉంది."

ఆ మాటకు నాకు కోపం రావాలి. రాలేదు. ఆమె స్థానంలో ఉంటే నేనూ అలాగే భయపడేదాన్ని.

అప్పుడు తట్టింది మా ఇద్దరికీ ఆ దిక్కుమాలిన ఉపాయం. పరీక్షకు సరిపడా డబ్బు కొంచెం కొంచెంగా తీద్దాం, వేరే కారణాలు చెబుదాం అనుకున్నాం. "చిన్నదానికి బూట్లు!" అని అక్క అరిచింది. వారం ఆగి "గొడుగు విరిగింది!" అని నేను అరిచాను. తర్వాత దుప్పట్లు, ఆ తర్వాత కళ్లలో వేసుకునే మందు. ఆ పెట్టె ముందు అబద్ధమాడటం మాకదే మొదలు. మామయ్య తలెత్తి చూస్తే చాలు, పై ప్రాణాలు పైనే పోయేవి.

అలా రెండు నెలలు గడిచాయి. ఎంత చేరిందో ఇద్దరం చూసుకునేవాళ్లం గానీ గడ్డ ఎంత పెరిగిందో అడగడానికి నాకు ధైర్యం చాలలేదు. అక్క చెయ్యి పైకెత్తి పెద్ద గాజులు దించడం మానేసింది. అది చూసి కూడా ఊరుకున్నాను.

ఇంకో రెండుసార్లు తీస్తే సరిపోతుందనగా దొరికిపోయాం. ఆ సాయంత్రం కొట్లో ఇద్దరు వడ్రంగులు, ఫొటోకు చట్రం కట్టించుకోవడానికి వచ్చిన ఒక టీచరమ్మ ఉన్నారు. అక్క కూతురు బడి నుంచి వచ్చి మామయ్య పక్కన నిలబడింది. కాళ్లకు అవే పాత బూట్లు, ఒకదాంట్లోంచి బొటనవేలు బయటికొచ్చింది.

"కొత్త బూట్లేవీ?" అన్నారు మామయ్య.

చిన్నది బొటనవేలు లోపలికి ముడుచుకుంది.

"గొడుగేదీ? దుప్పట్లేవీ?" ఆయన గొంతు పెంచలేదు. పెంచితే అంత భయం వేసేది కాదు. అక్క వైపు తిరిగారు. "ఎవరికి పంపిస్తున్నావమ్మా? పుట్టింటికా?"

బావగారు తల వంచుకున్నారు. నేను చెబుదామనుకుని ఆగిపోయాను. సొంత అన్నను వదులుకున్న మనిషి, కోడల్ని బయటికి పొమ్మనడం ఎంతసేపు? ఆమె తర్వాత నేను, అంతే.

అక్క కట్టరు బల్ల మీద పెట్టింది. పెట్టె దగ్గరికి నడిచి, మూత తీసి, ఎప్పుడూ అరిచినంత గట్టిగానే చెప్పింది.

"నా రొమ్ములో గడ్డ ఉంది. సూది పరీక్షకు!"

టీచరమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. వడ్రంగులు ఇద్దరూ చప్పుడు చేయకుండా బయటికి నడిచారు. మామయ్య కుర్చీలోంచి లేవబోయి మళ్లీ కూలబడ్డారు.

"ఇంత మాట... నాతో ముందే చెప్పకూడదా తల్లీ?"

"ఎక్కడ చెప్పను మామయ్యా? ఇక్కడే కదా చెప్పాలి!"

అరగంటలో పెద్దాసుపత్రిలో ఉన్నాం. మామయ్యే బండి మాట్లాడారు. బావగారు డబ్బు కట్టే వరుసలో నిలబడ్డారు. డాక్టరు, నడివయసు ఆవిడ, తెర వెనక అక్కను చాలాసేపు చూసి, చేతులు కడుక్కుని, రాసుకోవడానికి బల్ల దగ్గర కూర్చుంది.

"ఎప్పటినుంచి ఉంది?"

అక్క గుమ్మం వైపు చూసింది. మామయ్య అక్కడే నిలబడి ఉన్నారు. ఒక్క పూటలో మనిషి సగమైపోయారు. ఆయన్ని చూసి జాలేసిందో, భయం ఇంకా వదల్లేదో నాకు తెలియదు.

"ఈ మధ్యే," అంది. "ఓ వారం, పది రోజులు."

డాక్టరు అదే రాయబోయింది. బూట్లనీ, గొడుగనీ అరిచిన గొంతుల్లో ఒకటి నాది. ఇన్నాళ్లూ అక్కకు సాయం చేస్తున్నాననే అనుకున్నాను. నేను సాయం చేసింది ఆ గడ్డకు.

"అబద్ధం," అన్నాను. వరండాలో ఉన్నవాళ్లు కూడా తిరిగి చూసేంత గట్టిగా వచ్చింది. "ఎనభై మూడు రోజులు. నాకు తెలుసు."

డాక్టరు కలం ఆగింది. అక్క ముఖంలోకి చూసింది, తర్వాత నా ముఖంలోకి. నర్సును పిలిచి, సూది సిద్ధం చేయమని, బయట కూర్చున్న రోగులందర్నీ రేపు రమ్మనమని చెప్పి, లేచి మళ్లీ చేతులు కడుక్కుంది.