మూడో పెట్టె, ఐదో పెట్టె

మా పెదనాన్న ఎవరినీ నమ్మేవారు కాదు. మనుషుల సంగతి తర్వాత, ముందు వస్తువులనే నమ్మేవారు కాదు. పాలు పోసే ఆవిడ లీటరు డబ్బాను ఒకరోజు అడిగి తీసుకుని, దాని నిండా నీళ్ళు నింపి, ఆ నీళ్ళను గీతలున్న గాజు జాడీలో పోసి చూశారు. తొమ్మిది వందల డెబ్భై మిల్లీలీటర్లు వచ్చాయి.

"సొట్ట పడిందయ్యా, నేనేం చేసేది?" అంది ఆవిడ.

"పడిన సొట్టలన్నీ లోపలికే పడ్డాయి, ఒక్కటైనా బయటికి పడలేదేం?" అన్నారు పెదనాన్న.

దర్జీ దగ్గర టేపు సాగిందేమోనని ఆయనకు దిగులు. "ఒకే టేపుతో కొలిచి, దాంతోనే కత్తిరిస్తే ఫరవాలేదు. రెండో టేపు ఉందా, అది చెప్పు ముందు" అని నిలదీసేవారు. గోడకు నిలబెట్టి నా ఎత్తు గీత గీస్తే పక్కన పొద్దునా, సాయంత్రమా అని కూడా రాసేవారు. పొద్దున లేవగానే మనిషి ఒక సెంటీమీటరు దాకా పొడుగుంటాడట. "నాకు జ్వరం వస్తే ఈయన ముందు థర్మామీటరుకు వైద్యం చేస్తారు. ఆ తర్వాతే నాకు" అనేది పెద్దమ్మ.

ఆయన కాలేజీ ఫిజిక్స్ ల్యాబులో అటెండరు. పదో తరగతితో చదువు ఆపేసి, పంతొమ్మిదో ఏట గాజుసామాను కడిగే పనికి చేరారు. ముప్పై తొమ్మిదేళ్ళలో ఆ గదిలోని ప్రతి పరికరం గుణం, రోగం ఆయనకు తెలిసిపోయాయి. చెక్క స్కేలు మొదలు అరిగిపోయి ఉంటుంది కాబట్టి సున్నా దగ్గర పెట్టి కొలవనిచ్చేవారు కాదు, పది దగ్గర మొదలుపెట్టి చివర్లో పది తీసెయ్యమనేవారు. ఎవరైనా "ఐదు వచ్చిందండీ" అంటే చాలు, "ఐదు ఏంటి? ఐదు మీటర్లా, ఐదు మేకలా?" అని పట్టుకునేవారు. పిల్లలు ఆయనకు పెట్టిన పేరు 'అనుమానంగారు'. ఆ పేరు ఎవరు మొదలుపెట్టారో కూడా ఆయనకు అనుమానమే.

మా నాన్నకు దూరపు ఊరికి బదిలీ కావడంతో, ఆ రెండేళ్ళు నేను పెదనాన్న ఇంట్లో ఉండి అదే కాలేజీలో చదివాను.

ల్యాబులో ఆరు స్క్రూగేజీలు ఉండేవి. సన్నటి తీగ మందం కొలిచే పనిముట్టు అది. తీగను దాని నోట్లో పెట్టి తల తిప్పుతూ బిగిస్తే, మిల్లీమీటరులో నూరో వంతు దాకా చెబుతుంది, మా అంకెలన్నీ ఆ నూరో వంతుల్లోనే. అయితే ఏమీ పెట్టకుండా నోరు మూస్తే సరిగ్గా సున్నా చూపించాలి. ఏళ్ళ తరబడి వాడిన గేజి అలా చూపించదు. ఒకటి కాస్త ఎక్కువ చూపిస్తుంది, ఇంకొకటి తక్కువ. ఎక్కువ చూపిస్తే ఆ తేడా తీసెయ్యాలి, తక్కువ చూపిస్తే కలపాలి. పిల్లలు ఎప్పుడూ ఇక్కడే తికమకపడి, తీసెయ్యాల్సింది కలిపేవారు. వాళ్ళ కళ్ళ మీద నమ్మకం లేక పెదనాన్న తనే అన్నీ చూసి, ప్రతి పెట్టె మూత మీద చీటీ అంటించారు. మూడో పెట్టె మీద "నాలుగు ఎక్కువ, తీసెయ్యి." ఐదో పెట్టె మీద "మూడు తక్కువ, కలుపు." గుండ్రటి, కొట్టివేతలు లేని అక్షరాలు. ఆ చీటీలు వచ్చాక మా కాలేజీలో గేజి నోరు మూసి చూసినవాళ్ళు లేరు.

ఆయన పదవీ విరమణకు ఇంకా ఐదు నెలలుండగా మా ప్రాక్టికల్ పరీక్ష వచ్చింది. ముందురోజు సాయంత్రం ఆయన ఇంటికి వస్తే వేళ్ళకు ఎర్రరంగు అంటి ఉంది.

"ఏంటా ఎరుపు?" అంది పెద్దమ్మ.

"గేజీలన్నీ స్పిరిట్‌తో తుడిచాను. రెండింటి మీద రంగుతో వేసిన నంబర్లు ఊడిపోయాయి."

"మరి ఏది ఏదో ఎలా తెలుస్తుంది?"

"చేతికి తెలుసులే. పొద్దున్నే వెళ్ళి ఇంకోసారి చూసి రంగు వేస్తాను."

పొద్దున ఆయన వెళ్ళేసరికే బయటి కాలేజీ నుంచి వచ్చిన పరీక్షకురాలు ల్యాబు తాళం చేత పట్టుకుని నిలబడి ఉన్నారు. చెప్పిన సమయానికి అరగంట ముందే వచ్చారు. సన్నగా, చిన్న గొంతుతో ఉండే మనిషి. తన స్క్రూగేజిని తనే సంచిలో తెచ్చుకున్నారు.

"మీవాళ్ళెవరైనా ఈ బ్యాచ్‌లో ఉన్నారా?"

"మా తమ్ముడి కూతురు ఉందండీ."

"అయితే మీరు వరండాలో కూర్చోండి."

"సామాను ఒక్కసారి చూసి..."

"ఏమీ ముట్టుకోవద్దు."

పెదనాన్న స్టూలు తీసుకుని వరండాలోకి వెళ్ళిపోయారు. ఆమె స్థానంలో ఉంటే తనూ అదే పని చేసేవాణ్ణని తర్వాత పెద్దమ్మతో అన్నారట.

తీగ మందం కొలవడం పదకొండు మందికి పడింది. మూడో పెట్టె ఉన్న బల్ల దగ్గర ఐదుగురు, ఐదో పెట్టె దగ్గర మేం ఆరుగురం. గేజి నా వంతుకు వచ్చినప్పుడు చేతులు ఊరుకోక దాని నోరు మూశాను. సున్నా రావలసిన చోట నాలుగు కనిపించింది. మూత మీద చూస్తే మూడు తక్కువ అని ఉంది. మళ్ళీ తిప్పి మూశాను. మళ్ళీ నాలుగే. నా కన్నే ఎక్కడో వంకరగా చూస్తోందనుకున్నాను. తీగను ఐదు చోట్ల కొలిస్తే సగటున ఎనభై ఆరు వచ్చింది. పెదనాన్న చీటీలో ఉన్నట్టు మూడు కలిపి, 0.89 మిల్లీమీటర్లు అని రాసి ఇచ్చాను.

పరీక్ష అయ్యాక మా పదకొండు మందినీ ఉండమన్నారు. మా లెక్చరర్‌ను, పెదనాన్నను లోపలికి పిలిచారు.

"ఒక బల్ల మీద ఆరుగురూ అటూ ఇటూగా ఎనభై తొమ్మిది రాశారు. ఇంకో బల్ల మీద ఐదుగురూ డెబ్భై ఐదు. తీగేమో ఒకే చుట్టలోంచి కత్తిరించింది. ఇన్ని తప్పులు ఇంత పొందికగా ఎలా వస్తాయి? ఎవరు చెప్పారు వీళ్ళకి?" అన్నారు పరీక్షకురాలు. అలా చెప్పి రాయించినట్టు తేలితే మా పదకొండు మంది పరీక్ష రద్దు చేస్తానని, పెదనాన్న మీద పైకి రాస్తానని కూడా అన్నారు.

లెక్చరర్ పెదనాన్న వైపు చూశారు. "మీరేమైనా అన్నారా వీళ్ళతో?"

ముప్పై తొమ్మిదేళ్ళుగా లోకాన్నంతా అనుమానించిన మనిషిని మొదటిసారి ఎవరో అనుమానించారు. ఆయన ముఖంలో కోపం కంటే ఆశ్చర్యం ఎక్కువగా కనిపించింది.

"నేను చెబితే సరైనదే చెబుతాను కదండీ. తప్పు రాయించడానికి ఇంత కష్టం ఎందుకు?"

"అనుమానం రాకుండా అలా చెప్పారేమో" అన్నారు పరీక్షకురాలు.

"అదీ నిజమే" అన్నారు పెదనాన్న ఒక క్షణం ఆలోచించి. ఆ జవాబు ఆయనకు నచ్చినట్టే ఉంది. "సరైనది ఎంతండీ?"

"ఎనభై రెండు. నా గేజితో చూశాను."

"మీ గేజి సున్నా చూశారా?"

ఆమె తన గేజి ఇచ్చారు. ఆయన దాని నోరు మూసి, కిటికీ వెలుగుకు పెట్టి చూసి, సరేనన్నట్టు తిరిగి ఇచ్చేశారు. తర్వాత వేళ్ళ మీద ఏదో లెక్క వేసుకున్నారు. ఎనభై తొమ్మిదికీ ఎనభై రెండుకీ తేడా ఏడు. ఎనభై రెండుకీ డెబ్భై ఐదుకీ ఏడే. నాలుగూ మూడూ ఏడు. వేళ్ళు ఆగిపోయాయి.

"మేడమ్, ఆ రెండు పెట్టెలూ తెప్పించండి. నేను ముట్టుకోను. మీరే మూసి చూడండి."

ఐదో పెట్టెలోది నాలుగు ఎక్కువ చూపించింది. మూడో పెట్టెలోది మూడు తక్కువ. ఒకదాని ఇంట్లో ఇంకొకటి ఉంది.

"ఎవరు మార్చారు?" అన్నారు లెక్చరర్ మమ్మల్ని చూస్తూ.

పెదనాన్న ఏమైనా అనొచ్చు. తాళం తన దగ్గర లేదనొచ్చు. పొద్దున చూస్తానంటే ఈమె చూడనివ్వలేదనొచ్చు. అందులో అబద్ధం కూడా లేదు.

"నేనే. నిన్న తుడిచి పెట్టినప్పుడు మారిపోయాయి. నంబర్లు ఊడాయని తెలిసి కూడా చూడకుండా పెట్టాను" అన్నారు.

పరీక్షకురాలు మా కాగితాలు మళ్ళీ ముందుకు లాక్కున్నారు. ఎనభై ఆరులోంచి నాలుగు తీశారు. డెబ్భై తొమ్మిదికి మూడు కలిపారు. రెండు చోట్లా ఎనభై రెండే వచ్చింది. పదకొండు కాగితాలూ అలాగే సరిచేసి చూశారు. ఒకటీ అరా తేడాలు తప్ప అన్నీ ఒకచోటికే చేరాయి.

"కొలవడం మాత్రం బాగానే కొలిచారు. కానీ పదకొండు మందిలో ఒక్కరు కూడా నోరు మూసి చూడలేదా?"

నేను చెయ్యి ఎత్తాను. "చూశానండీ. నాలుగు కనిపించింది."

"మరి?"

"చీటీ మీద వేరేగా ఉంది. పెదనాన్న రాశారు కదా అని..."

ఆ మాటకు ఆయన తల తిప్పి నన్ను చూశారు. తనను అనుమానించినప్పుడు కూడా ఆయన ముఖం అంత వాడిపోలేదు.

రద్దు మాట పోయింది. పైకి రాయలేదు. చూడని పదిమందికీ తలా రెండు మార్కులు తీశారు. చూసి కూడా రాయని నాకు మూడు తీశారు.

ఆ సాయంత్రం ఇంట్లో ఆయన నన్ను దగ్గరికి పిలిచారు. ఇలా అడిగారు.

"నీ కంటికి నాలుగు కనిపించిందా?"

"రెండుసార్లు."

"అయినా నా రాతే నమ్మావా?"

"మీరు ఎప్పుడూ తప్పు రాయరు కదా పెదనాన్నా."

"ఆ ముక్క ఇంకెవరైనా అని ఉంటే, వీడికి నాతో ఏదో పని పడిందనుకునేవాణ్ణి" అని లేచి పెరట్లోకి వెళ్ళిపోయారు. వెనకనుంచి పెద్దమ్మ, "అన్నీ తెలుసన్న ఆ చెయ్యేది, ఒకసారి ఇటు చూపించండి" అంది. ఆయన వినిపించుకోలేదు.

మర్నాడు ఆరు పెట్టెల మీద చీటీలూ గీకేశారు. వాటి చోట చెక్క తెల్లగా బయటపడింది. చాలా రోజులు పిల్లలు గేజి తియ్యగానే ఆ తెల్లమచ్చ వైపే చూసేవారు. "అక్కడేముంది? నోరు మూసి చూడు" అనేవారు ఆయన. ఎంత వచ్చిందో వాళ్ళు చెప్పేదాకా తీగ ఇచ్చేవారు కాదు. ఎవరినీ ఏడిపించడం మాత్రం మానేశారు. మేకల మాట ఆ ఐదు నెలల్లో ఒక్కసారి కూడా వినలేదు.

చివరి రోజు సామాను జాబితా అప్పగించాలి. పరీక్షలు అయిపోయి ఖాళీగా ఉన్నాను కాబట్టి నన్ను రమ్మన్నారు. ఆయన రాసిన జాబితా నేను చదవాలి, ఆయన టిక్కు పెట్టాలి. స్క్రూగేజీల వరుసలో 'సున్నా తేడా' అన్న గడిలో అంకెలు లేవు. ఆరింటికీ "ఎవరికి వారు చూసుకోవాలి" అని రాశారు. సంఖ్య దగ్గర ఆరు అని ఉంది. నేను చదవడం ఆపి, లేచి అలమర దగ్గరికి వెళ్ళి, పెట్టెలు ఒక్కొక్కటే మూత తీసి లోపల ఉందో లేదో చూసి లెక్కపెట్టాను.

ఆయన కలం పట్టుకుని నన్నే చూస్తున్నారు.

"ఆరు ఉన్నాయి పెదనాన్నా."

"ఆరు ఏంటి?" అన్నారు ఆయన. "ఆరు గేజీలా, ఆరు మేకలా?"