పుంగనూరు ఇంట్లో దించిన పెట్రోలు ట్యాంకు

శుక్రవారం పదకొండున్నరకు మదనపల్లె చేరాం. బెంగుళూరు నుంచి మిలిటరీ కారులో వచ్చాం. మనుషులం ముగ్గురం. కెప్టెన్ డాక్టరు, కొయ్యకాళ్లు బిగించే హవల్దారు, బండి నడిపి బాగుచేసే నేను. వెనక సీటు మీద మూడు చెక్కపెట్టెలు. ఒక్కో పెట్టెలో ఒక్కో కాలు.

బర్మా యుద్ధం ముగిసి రెండు నెలలైంది. అక్కడ మందుపాతర్ల మీద అడుగేసి కాలు పోగొట్టుకున్న మా వైపు సిపాయిలు ముగ్గురికి ఆ కాళ్లు. కొలతలు ఆస్పత్రిలో తీసుకున్నారు. కాళ్లు తయారయ్యేలోగా వాళ్లు ఊళ్లకు వచ్చేశారు. మా ఆర్డరు చిన్నది. శుక్రవారం మదనపల్లెలో ఇద్దరికి బిగించాలి. శనివారం కుప్పం దగ్గర పల్లెలో ఒకరికి బిగించాలి. ఆదివారం పది గంటలకు బెంగుళూరులో హాజరు కావాలి. ఆ మధ్యాహ్నమే కెప్టెన్ రైలెక్కి ఉత్తరాదికి వెళ్లిపోతాడు. ఆయన తర్వాత ఎవరు వస్తారో, ఎప్పుడు వస్తారో ఎవరూ చెప్పలేదు.

మదనపల్లెలో పని సాయంత్రం ఐదుకల్లా అయిపోయింది. శనివారం ఆరున్నరకు బయల్దేరాం. రాత్రి వాన కురిసింది. రోడ్డు మీద మట్టి కొట్టుకుపోయి రాళ్లు తేలి ఉన్నాయి. ఏడుంబావుకు బండి అడుగున టంగుమని మోగింది. మరో ఫర్లాంగు పోయేసరికి పెట్రోలు వాసన. దిగి చూస్తే వెనక ట్యాంకు అడుగున చిన్నవేలంత చీలిక. పెట్రోలు సన్నని ధారగా కారుతోంది. నా సంచిలోని బట్టల సబ్బు తీసి, మెత్తగా పిసికి, చీలికలో కుక్కాను. ధార ఆగింది. బండిని నడకకంటే కాస్త ఎక్కువ వేగంతో తోలి, ఎనిమిదికి పుంగనూరు చేర్చాను.

సబ్బు కుప్పం దాకా ఆగదు. ఇంకా యాభై మైళ్లుంది. కెప్టెన్ గడియారం చూసుకున్నాడు.

"ఎన్ని గంటలు?"

"ఆరు, సార్."

"నాలుగు ఇస్తాను."

"ఆరే, సార్. నాలుగు గంటల్లో చేస్తే మీరు ఆ బండి ఎక్కకూడదు."

ఆయన నా ముఖంలోకి చూసి, ఎక్కడ చేస్తావని అడిగాడు. మా ఇల్లు రెండు వీధుల అవతలేనని చెప్పాను. రెండేళ్ల తొమ్మిది నెలలుగా నేను ఆ ఇంటి గడప చూడలేదన్న సంగతి చెప్పలేదు.

ఇంట్లో ఎవరూ లేరు. అమ్మ చేనుకు పోయిందని పక్కింటివాళ్లు చెప్పారు. దొడ్లో ఎడ్లు కట్టేసే చోట నేల గట్టిగా ఉంది. బండిని అక్కడ పెట్టాను. ముందుగా బ్యాటరీ తీగ ఊడదీశాను. మా ఇంట్లో పొయ్యి రాజేయొద్దని, దొడ్లో ఎవరూ బీడీ కాల్చకూడదని మావాళ్లకూ పక్కింటివాళ్లకూ చెప్పాను. వెనక చక్రాలు పైకి లేపి ఇరుసు కింద రాతిదిమ్మెలు పెట్టాను. జాకీని నమ్ముకుని బండి కింద దూరే మెకానిక్ ఎక్కువ కాలం మెకానిక్‌గా ఉండడు.

అడుగు బిరడా విప్పి పెట్రోలును మూడు డబ్బాల్లోకి దించి, మూతలు పెట్టి, నీడకు చేర్చాను. ఆ రోజుల్లో చుక్క పెట్రోలు ఊరికే దొరికేది కాదు. తర్వాత వెల్లకిలా కిందికి దూరి, పైపు నట్టు విప్పాను. ట్యాంకును పట్టుకుని ఉన్న రెండు ఇనుప పట్టీల బోల్టులు తుప్పు పట్టి ఉన్నాయి. కిరసనాయిలు పోసి కాసేపు ఆగాను.

అలా ఆగి ఉన్నప్పుడే ఎవరో నా కాలు పట్టుకున్నారు. మోకాలి నుంచి మడమ దాకా గట్టిగా నొక్కుతూ వచ్చారు. తర్వాత రెండో కాలు.

అమ్మ. చేనులో ఉండగా నేనొచ్చానని కబురందింది. పరుగున వచ్చింది. అరుగు మీద హవల్దారు మూడో పెట్టె తెరిచి, కాలి తోలుపట్టీలకు నూనె రాస్తున్నాడు. బండి కింద నుంచి నా కాళ్లు మాత్రం బయటికి కనబడుతున్నాయి.

"ఇవి నీవేనా నాయనా?" అంది.

"రెండూ నావే అమ్మా."

"బయటికి రా. సూడాల."

బయటికి వచ్చాను. ముఖం నిండా తుప్పు, చేతుల నిండా నూనె. ఆమె ఏడవలేదు. కెప్టెన్ వైపు తిరిగి, ఈ కాలు ఎవరిదని అడిగింది. కుప్పం పక్క సిపాయిదని ఆయన తెలుగులోనే చెప్పాడు. "అయితే ఆ బిడ్డ కాసుకోనుంటాడు కదప్పా. నువ్వు పని సూసుకో," అని నాకు చెప్పి, వండడానికి పక్కింటికి పోయింది.

ట్యాంకు దిగేసరికి పది. అతుకు వేయడానికి మా వీధి కళాయి సాయిబును పిలిచాను. గిన్నెలకు కళాయి పూయడంలో, టంకం పెట్టడంలో ఆయనకు ముప్పై ఏళ్ల అనుభవం. వస్తూనే బొగ్గుల కుంపటి తెచ్చి ట్యాంకు పక్కనే దించబోయాడు. అడ్డం నిలబడ్డాను. కిరసనాయిలు డబ్బాలు ఎన్ని అతకలేదు, ఇది ఖాళీదే కదా అన్నాడు.

అప్పుడు ఆయనకు మణిపూర్ రోడ్డు మీది మా వర్క్‌షాపు సంగతి చెప్పాను. నా తోటి మెకానిక్ ఒకడు ఖాళీ ట్యాంకని చెప్పి, అతికే దీపం మంటను దాని దగ్గర పెట్టాడు. నేను ఇరవై గజాల దూరంలో ఉన్నాను. పేలిన చప్పుడుకు తిరిగి చూసేసరికి అతను లేచి నిలబడి ఉన్నాడు. చొక్కా లేదు. మర్నాడు పోయాడు.

"ఖాళీదే సంపుతాది సాయిబూ. లోపల ఆవిరి ఉండాది," అన్నాను.

సాయిబు కుంపటి ఎత్తుకుని, గాలి వచ్చే వైపు, దొడ్డి గోడ అవతల పెట్టాడు.

పక్కింట్లో కాచిన వేడినీళ్లలో చాకలి సోడా కలిపి మూడుసార్లు ట్యాంకు కడిగాం. ప్రతిసారీ వాసన చూశాను. మూడోసారి సోడా వాసన తప్ప ఇంకేమీ లేదు. అయినా ట్యాంకు మూతి, పైపు రంధ్రం బిగించి, తిరగేసి, బిరడా రంధ్రంలోంచి చీలికకు అంగుళం కింద దాకా నీళ్లు నింపాను. ఆవిరికి చోటు లేకుండా చేయడానికి. చీలిక చుట్టూ రంగు గీకి, లోహం మెరిసేదాకా రుద్దాను. సాయిబు ఇత్తడి రేకు ముక్క కత్తిరించాడు. గోడ అవతల కాల్చిన రాగి కడ్డీని ఒక్కో విడత తెచ్చి, టంకం కరిగించి, నాలుగు అంచులూ కూర్చాడు. అంత చక్కటి అతుకు నేను సైన్యంలోనూ చూడలేదు.

నీళ్లు వంచేసి ట్యాంకును గంటసేపు ఎండలో బోర్లించాం. ఆ గంటలో అందరికీ అమ్మ సంగటి పెట్టింది. కెప్టెన్ రెండోసారి అడిగి పెట్టించుకున్నాడు. ట్యాంకును పైకెత్తడానికి సాయిబూ హవల్దారూ చెరోపక్క పట్టారు. పట్టీల కింద పాత చెప్పుల తోలు కత్తిరించి వేశాను. బోల్టులు రెండువైపులా కొంచెం కొంచెంగా సమంగా బిగించాను. పైపు నట్టు, అడుగు బిరడా బిగించి, పెట్రోలును మెత్తటి తోలుగుడ్డలో వడకట్టి పోశాను. అతుకు చుట్టూ సుద్దపొడి రాసి పావుగంట చూశాను. సుద్ద తెల్లగానే ఉంది. అప్పుడు బ్యాటరీ తీగ కలిపాను.

రెండుంబావు. "ఆరు గంటలే," అన్నాడు కెప్టెన్, గడియారం జేబులో పెట్టుకుంటూ. నేను సెల్యూట్ చేశాను. నాకు గర్వంగానే ఉంది, దాచడం ఎందుకు?

పలమనేరు మీదుగా ఐదు కొట్టక ముందే ఆ పల్లెలో ఉన్నాం. సిపాయి పొద్దుటి నుంచి ఊరి మొదట రోడ్డు పక్కన కాచుకుని, ఇక రారనుకుని నాలుగింటికి ఇంటికి వచ్చేశాడట. కర్రలు పక్కన పెట్టుకుని వాకిట్లో కూర్చుని ఉన్నాడు. మమ్మల్ని చూసి లేవబోయాడు. కెప్టెన్ కూర్చోమన్నాడు. హవల్దారు ముప్పావుగంటలో కాలు తొడిగి, పట్టీలు బిగించి, పక్కకు తప్పుకున్నాడు. వాకిలి ఈ చివర నుంచి ఆ చివరకు నాలుగుసార్లు నడిపించారు. ఐదోసారి అతనే, ఇంక సాలప్పా, ఇంట్లోకి పోతానన్నాడు.

ఆదివారం పది కాకముందే బెంగుళూరులో హాజరయ్యాం. మరో నాలుగు నెలలకు నన్నూ ఇంటికి పంపేశారు. అప్పటి నుంచి పుంగనూరులోనే బళ్లు బాగుచేస్తున్నాను. యుద్ధంలో చూసినవి చాలా వరకు మసకబారాయి. ఒక్కటి మాత్రం మసకబారలేదు. ఆ సాయంత్రం అతను గడప ముందు ఆగాడు. భార్య చెంబుతో నీళ్లిచ్చింది. కుడికాలు కడుక్కున్నాడు. తర్వాత వంగి, కొయ్యపాదం మీద కూడా నీళ్లు పోసుకున్నాడు. తడిస్తే చెక్క పాడవుతుందని హవల్దారు చెయ్యెత్తబోతే కెప్టెన్ ఆ చెయ్యి పట్టుకున్నాడు. అతను మడమ రుద్దాడు, వేళ్లుండాల్సిన చోట రుద్దాడు. రెండు పాదాలూ తడిగా లోపలికి పోయాడు.