లకుముకి పిట్ట కాళ్లు

మా నాన్నగారు బడిపంతులు. పెదపాడు నుంచి కొల్లేటి వైపు వెళ్తే నీళ్ల అంచున ఉండే ఒక చిన్న ఊళ్లో పనిచేసేవారు. నాకు పన్నెండేళ్లప్పుడు, తుఫాను వెలిసిన మర్నాడు, గట్టు మీద కాలు జారి మోకాలి కింద ఎముక విరగ్గొట్టుకున్నారు. ఎముకలు కట్టే ఆయన వచ్చి వెదురు బద్దలు బిగించి, మంచం దిగితే కాలు వంకరపోతుందని బెదిరించి వెళ్లాడు. రోజంతా పిల్లల్ని అదిలించడం అలవాటైన మనిషి మంచం మీద ఊరుకుంటారా? కూర అడుగంటిన వాసన వస్తోందనేవారు. ఊడ్చిన చోటే మళ్లీ ఊడవమనేవారు. నాచేత ఎక్కాలు అప్పజెప్పించుకునేవారు. అమ్మకి విసుగొచ్చి, తను కుడుతున్న దిండు గలీబునీ గుడ్డ బిగించే చెక్క రింగునీ ఆయన ఒళ్లో పడేసి, కాసేపు దీని మీది ఆకుల్లో దారం నింపుతూ ఉండండి అంది.

అమ్మ ఏలూరులో దొరసానుల బడిలో చదువుకుంది. కుట్టుపని అక్కడే నేర్చింది. తన దగ్గరున్న నమూనాలన్నీ దొరల సీమవే. బుట్టలో కూర్చున్న బొచ్చుకుక్కపిల్లలు, పొగగొట్టాల ఇళ్లు, గులాబీ దండలు. నాన్నగారు బుద్ధిగా ఆకులు నింపారు, కుక్కపిల్లనీ నింపారు. ఆ తర్వాత, ఇలాంటి కుక్కని మన జిల్లాలో ఎవరు చూశారని ఎదురుతిరిగారు. మంచం పక్క కిటికీలోంచి వరిచేలూ, వాటి వెనక కొల్లేరూ కనబడేవి. చలికాలం పక్షులు దిగుతున్నాయి. ఆయన బొగ్గుముక్కతో గుడ్డ మీద గూడబాతుని గీసి, దాని గొంతుసంచీలోంచి చేప తోక బయటికి ఊగుతున్నట్టు కుట్టారు. అది చూసి అమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. ఇంక కొంగలు, నీటికోళ్లు, లకుముకి పిట్టలు వరసకట్టాయి. కుక్కపిల్లలు పెట్టె అడుక్కి పోయాయి.

ఒకటే చిక్కు. పంతులుగారు సూది పట్టారని తెలిస్తే బడిలో పిల్లలు ఆయన్ని లెక్కచేయరని అమ్మ భయం. వాకిట్లో ఎవరి అలికిడైనా సరే, రింగు ఆయన చేతిలోంచి లాగి నా చేతిలో పెట్టేసేది. నాకు సూదిలో దారం ఎక్కించడం కూడా సరిగా రాదు. అయినా ఊళ్లో పనిమంతురాలినని పేరొచ్చింది. ఆ పేరు నాకు బాగానే నచ్చింది. పక్కింటావిడ నన్ను చూపించి తన కూతుర్ని సాధిస్తుంటే, తలవంచుకుని మహా వినయంగా కూర్చునేదాన్ని.

చర్చిలో కోతల పండుగ వేలానికి అమ్మ ఏలూరుకి లకుముకి పిట్టల గలీబుల జత పట్టుకెళ్లింది. ఎవరు కుట్టారని అడిగితే, చర్చి మెట్ల మీదే నిలబడి, మా అమ్మాయేనండీ అంది. వాటిని పాడుకున్నది ఒక ప్లీడరుగారి భార్య. వారం తిరక్కుండానే ఆవిడ జట్కా కట్టించుకుని మా ఇంటికి వచ్చేశారు. ఆ రెక్కల్లో నీలాలు అలా ఎలా కలిశాయో నా దగ్గర నేర్చుకోవాలట.

అమ్మ నాన్నగారున్న వెనకగది తలుపు దగ్గరగా వేసింది. ఆవిడ చాప మీద కూర్చుని, కొత్త గుడ్డ తీసి, ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలని నన్నడిగారు. దారం తెస్తానండీ అని నేను వెనకగదిలోకి పరిగెత్తాను. మెడ దగ్గర్నుంచి కాడకుట్టు వెయ్యమను అని నాన్నగారు గుసగుసలాడారు. వచ్చి అలాగే చెప్పాను. తర్వాత ఏమిటన్నారు. ఈసారి కత్తెర కోసం వెళ్లాను. మరోసారి మంచినీళ్ల కోసం. వెళ్లినప్పుడల్లా ఒక్కో కుట్టు మోసుకొచ్చాను. కంగారులో ఒకసారి, మిష చెప్పడం కూడా మర్చిపోయి వెళ్లి, ఒట్టి చేతులతో తిరిగొచ్చాను. ఆవిడ నన్నూ, తలుపునీ మార్చి మార్చి చూశారు. సూదిని గుడ్డలో గుచ్చి పక్కన పెట్టారు.

"ఈసారి వెళ్లినప్పుడు, అమ్మాయీ, ఆ కుట్టినవారినే తీసుకొచ్చెయ్యి. నీకూ తిరుగుడు తప్పుతుంది."

లోపల్నుంచి నాన్నగారి గొంతు వినబడింది. "నేను లేవలేనండీ. మీరే ఇలా దయచేయండి."

ఆవిడ లేచి లోపలికి వెళ్లారు. బద్దలు కట్టిన కాలు, ఒళ్లో రింగు, చొక్కాకి గుచ్చుకున్న సూదులు చూసి నవ్వుతారేమోనని మేం బిక్కచచ్చి నిలబడ్డాం. ఆవిడ నవ్వలేదు. కుర్చీ లాక్కుని కూర్చుని, సంచీలోంచి గలీబు తీశారు.

"పిట్ట బాగుంది మాస్టారూ. కాళ్లే తప్పండీ. లకుముకికి ఎర్రకాళ్లు. మీరు నల్లవి కుట్టారు."

ఆయన తప్పు ఎవరైనా దిద్దడం నేను అంతకు ముందు చూడలేదు. నలుపేనండీ అన్నారు నాన్నగారు. ఎరుపేనన్నారావిడ. అది మొదలు ఆవిడ వారం వారం వచ్చేవారు. రెక్క నేర్చుకునేవారు, తోక నేర్చుకునేవారు, కాళ్ల దగ్గరికొచ్చేసరికి పేచీ పడేది. ఇద్దరి మధ్యా దారాలు అందిస్తూ కూర్చున్న నాకు, ఏ రంగు పక్కన ఏది పడితే ఈక మెరుస్తుందో తెలియకుండానే పట్టుబడింది. చేను గట్టున పిట్ట వాలితే ఆట ఆపి చూడటం మొదలుపెట్టాను. ఎవరూ రాని వేళల్లో కూడా రింగు నా చేతిలోనే ఉండేది.

కట్టు విప్పాక అందరం పడవ మాట్లాడుకుని కొల్లేట్లోకి వెళ్లాం, పులిహోర గిన్నెతో సహా. వల కట్టే కర్ర మీద లకుముకి కూర్చుని ఉంది. నాన్నగారూ ఆవిడా ఒకే పక్కకి వంగారు. పడవ ఒరిగింది. అమ్మ ఒక చేత్తో గిన్నెనీ, ఒక చేత్తో నన్నూ పట్టుకుంది. పిట్ట మాత్రం పొట్ట ఈకలు కాళ్ల మీదికి దించుకుని, చలేసినట్టు ముడుచుకుని కూర్చుంది. చాలాసేపు చూపించుకుని, చటుక్కున ఎగిరిపోయింది. చూశారా ఎరుపు అన్నారావిడ. చూశారా నలుపు అన్నారు నాన్నగారు.

"ఏవండీ, కూర్చున్న పిట్టకి కాళ్లు కనపడట్లేదు కదా" అంది అమ్మ, పులిహోర పెడుతూ. "కనపడకుండానే కుట్టరాదూ?"

నాన్నగారు ఆ మాట విన్నారు. ఆ తర్వాత ఆయన పిట్టలన్నీ ముడుచుకునే కూర్చున్నాయి. ప్లీడరుగారి భార్య వినలేదు. ఎగురుతున్న పిట్టని కుట్టి, పిట్ట కన్నా ముందు కాళ్లే కనపడేటంత ఎర్రగా వాటిని వేలాడదీసి, జట్కావాడిచేత పంపించారు. నాన్నగారు కాళ్ల మీద బొటనవేలు అడ్డం పెట్టి చాలాసేపు చూసి, రెక్క బాగా కుదిరిందన్నారు.

నేను సొంతంగా కుట్టిన మొదటి పిట్టకి ఒక కాలు నలుపు, ఒక కాలు ఎరుపు పెట్టాను. అది చూడగానే ఇద్దరూ మొదటిసారి ఒక్కమాట మీద నిలబడ్డారు, విప్పి మళ్లీ కుట్టమని. నేను విప్పలేదు. అమ్మ ఆ గలీబుని నాన్నగారి దిండుకే తొడిగింది.