హీటర్‌కి అడ్డంగా కూర్చున్న శనివారం

కొత్తగా ఉద్యోగంలో చేరిన ఆ రోజుల్లో నాకు భయాలు తక్కువ, చలి ఎక్కువ. అమెరికా దక్షిణాన ఉన్న జార్జియాలో చలేముంటుందిలే అనుకుంటూ అల్ఫారెట్టా వచ్చి, ఒక తెలుగువాళ్ల ఇంట్లో బేస్‌మెంట్ అద్దెకు తీసుకున్నాను. పై అంతస్తులోని వెచ్చదనానికి మెట్లు దిగే అలవాటు లేదని మొదటి డిసెంబర్‌లోనే తెలిసింది. స్వెటర్ మీద స్వెటర్ వేసుకుని, మంకీ క్యాప్ పెట్టుకుని ఆఫీస్ కాల్స్‌లో కూర్చునేదాన్ని (కెమెరా పాడైందని మేనేజర్‌కి చెప్పాను. నమ్మాడు, పాపం).

ఇంటి ఓనర్ అంకుల్ మంచివాడే. కాకపోతే ఏ రిపేరుకీ మనిషిని పిలవడు, వీడియోలు చూసి అన్నీ తనే చేస్తాడు. నా అవస్థ చూడలేక ఒక శనివారం పొద్దున గోడకు బిగించే గ్యాస్ హీటర్ మోసుకొచ్చాడు. పొగ బయటికి పోయే గొట్టం లేని రకం. అంటే మంట పీల్చే గాలీ గదిలోదే, అది వదిలేదీ గదిలోకే. "నీ బెడ్‌రూమ్ గోడలోనే గ్యాస్ లైన్ ఉందమ్మా. ఇక హ్యాపీగా పడుకో," అంటూ నా మంచం పక్కనే, కర్టెన్‌కి జానెడు దూరంలో బిగించడం మొదలుపెట్టాడు.

ఆయన పైపులు బిగిస్తుంటే నేను అట్టపెట్టెలో దొరికిన మాన్యువల్ చదివాను (ఆ ఇంట్లో అంతకుముందు ఏ మాన్యువల్‌కీ ఆ భాగ్యం దక్కలేదు). చదివి, ఆ పేజీలో వేలు పెట్టుకుని ఆయన దగ్గరికెళ్లాను.

"అంకుల్, పడుకునేటప్పుడు ఇది ఆర్పేయాలట. కిటికీ కాస్త తెరిచి ఉంచాలట. కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు పోగైతే మోగే అలారం ఉండాలట. లైసెన్స్ ఉన్నవాళ్లే ఇన్‌స్టాల్ చేయాలట."

"కిటికీ తెరిస్తే హీటర్ ఎందుకమ్మా? బయట ఉడతలకా?"

ఆయన వెలిగించడానికి వంగాడు. నేను వెళ్లి హీటర్‌కి అడ్డంగా, బాసింపట్టు వేసుకుని కూర్చున్నాను.

"నేను మెకానికల్ ఇంజినీర్‌ని, తెలుసా?"

"నేను ఈ రూమ్‌లో పడుకునే మనిషిని అంకుల్."

ఆయన మొహం ఎర్రబడింది. "అంత భయమైతే వేరే రూమ్ చూస్కో మరి."

నాకు కారు లేదు, ఆఫీస్‌కి నడిచి వెళ్లగలిగే ఇల్లు అదొక్కటే. అయినా నోరు ఊరుకోలేదు. "చూస్కుంటా. అప్పటిదాకా ఇక్కణ్ణుంచి లేవను."

కాఫీ తెచ్చిన ఆంటీ ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. "లీక్ ఉందో లేదో సబ్బునీళ్లతో టెస్ట్ చేయమని కూడా ఉంది ఆంటీ," అన్నాను. ఆవిడ పైకెళ్లి, గిన్నెలు తోమే సబ్బు నీళ్లలో కలిపి, దోసె పెనానికి నూనె రాసే బ్రష్‌తో సహా తెచ్చింది. "చూడు, ఏమీ ఉండదు," అంటూ అంకుల్ మంట వెలిగించకుండా గ్యాస్ మాత్రం వదిలాడు. నేను జాయింట్ మీద సబ్బునీళ్లు రాశాను. ద్రాక్షపండంత బుడగ ఒకటి మెల్లగా ఉబ్బింది.

"సబ్బు ఎక్కువైంది," అన్నాడాయన. తుడిచి మళ్లీ రాశాను. మళ్లీ ఉబ్బింది. ఈసారి వాసన కూడా వచ్చింది.

"ముందు ఆ గ్యాస్ ఆపండి!" ఆంటీకి అంత గొంతుందని నాకప్పటిదాకా తెలియదు. అంకుల్ గ్యాస్ కట్టేశాడు. లైట్ స్విచ్ కూడా ముట్టుకోకుండా ముగ్గురం బయటికి నడిచి, లాన్‌లో వణుకుతూ నిలబడ్డాం. ఎవరం ఎవరి మొహమూ చూడలేదు.

తరువాతి వారం గ్యాస్ పైపుల పనికి లైసెన్స్ ఉన్న ప్లంబర్ వచ్చి హీటర్‌ని బెడ్‌రూమ్‌లోంచి తీసి, బేస్‌మెంట్ హాల్లో, కర్టెన్లకు దూరంగా పెట్టాడు. గోడకి అలారం ఎక్కింది. కిటికీ సందు తెరిచి, నేను మెలకువగా ఉన్నంతసేపే వెలిగించేదాన్ని. వేరే రూమ్ సంగతి మళ్లీ ఎవరూ ఎత్తలేదు. నేనన్నదే కరెక్ట్ అని అంకుల్ ఏనాడూ ఒప్పుకోలేదు. కానీ ఇంటికొక వంటకం తెచ్చుకుని కలిసి తినే ఒక పాట్‌లక్‌లో ఆయన నలుగురినీ చుట్టూ కూర్చోబెట్టుకుని, "ఫస్ట్ సబ్బునీళ్లతో టెస్ట్ చేయాలండీ, నేనైతే అది లేకుండా వెలిగించనే వెలిగించను," అంటుంటే నేను పులిహోర తింటూ విన్నాను.

ఆయనతో అలా మాట్లాడినందుకు నేనీనాటికీ సారీ చెప్పలేదు, చెప్పను. అయితే ఇప్పుడు నాకూ ఒక టీమ్ ఉంది, మీటింగుల్లో నచ్చనిదానికి కూడా 'సౌండ్స్ గుడ్' అనడం వచ్చేసింది. అప్పుడప్పుడు హీటర్‌కి అడ్డంగా కూర్చున్న అప్పటి ఆ బేస్‌మెంట్ పిల్ల గుర్తొస్తే కాస్త జంకుతాను. "పోనీలేవే, లే," అని సర్దిచెప్పబోతాను. లేవదు. లేవకపోతేనే నాకిష్టం.