వాడు చదివితేనే నాకు అన్నం

మాది మద్దికెర పక్కన పల్లె. నాయన ఆదోని పత్తి వ్యాపారి ఒకాయన దగ్గర బండి తోలేవాడు. నేను ఊరి బడిలో బాగా చదువుతున్నానని విని ఆ వ్యాపారి నన్ను ఆదోనికి పిలిపించుకున్నాడు. ఆయన కొడుకు నా ఈడువాడే. పుస్తకం తెరిస్తే ఆవులింతలు, బడికి పొమ్మంటే కడుపునొప్పి. వాడి పక్కన కూర్చుని చదివించడం నా పని. అందుకు నా హైస్కూలు ఫీజు కట్టి, తిండి పెడతానన్నాడు.

"మావోడు పాఠం అప్పజెప్తే నీకు కూడు. సెప్పకుంటే ఆ పూటకు లేదు. తెలిసిందా?"

నాకంటే ముందు నాయనే తలూపాడు.

మొదట్లో వాడు చెడ్డవాడు కాదు. చదువంటే విసుగు, అంతే. మిద్దె మీద పావురాలు ఎగరేస్తూ ఉంటే వాడికి లోకం పట్టేది కాదు. నాకు మొదటిసారి విస్తరి వేయని రోజు, వాడే చొక్కాలో దాచి గుప్పెడు బొరుగులు తెచ్చి పెట్టాడు.

తర్వాత తన చేతిలో ఏముందో వాడికి తెలిసివచ్చింది.

సాయంత్రం లెక్కల పుస్తకం ముందు పెట్టుకుని నా మొహంలోకి చూసేవాడు.

"ఆకలైతాందా?"

"అవుతాందన్నా."

"అట్లయితే ముందు పావురాల గూడు కడుగుపో."

కడిగి వచ్చేవాణ్ణి. గుంజీలు తీయమంటే తీసేవాణ్ణి. అన్నీ చేయించుకుని, తండ్రి పిలిచి అడిగితే, వచ్చిన లెక్క కూడా రాదనేవాడు. అని నావైపు తిరిగి చూసేవాడు.

ఒకసారి వాడి తల్లి ఉండబట్టలేక, "పాపం, ఆ పిల్లోనికి రొంత పెడదామా?" అంది.

"వానికి పెడితే మనోడు యాడ సదువుతాడు?" అన్నాడు వ్యాపారి, విస్తరి ముందు నుంచి లేవకుండానే.

ఆ ఏడు పరీక్షలో వాడు తప్పాడు. నేను తరగతిలో మొదట వచ్చాను. వ్యాపారి నాయనను పిలిపించాడు.

"నా ఉప్పు తిని నీ కొడుకు బాగుపడినాడు. నా కొడుకును ముంచినాడు."

నాయన నన్ను ఒక్క మాట అడగలేదు. చేతిలో ఉన్న చెర్నాకోలతోనే కొట్టాడు. కింద పడ్డా ఆపలేదు. వ్యాపారి చాలన్నాకే ఆపాడు. కొడుకు మిద్దె మెట్ల మీద కాళ్లు ఊపుతూ కూర్చుని చూశాడు.

ఊరి దారిలో, ఎంతో దూరం పోయాక నాయన అన్నాడు: "బండి పని పోతే మీయమ్మ, సెల్లెండ్లు ఏం తింటారప్పా?"

నాయన పని పోలేదు. నన్ను ఎమ్మిగనూరులో ఒక నేతగాళ్ల ఇంట్లో నూలు కండెలు చుట్టడానికి పెట్టాడు. కొన్నేళ్లకు మగ్గం మీద కూర్చున్నాను. మళ్లీ బడి గడప తొక్కలేదు.

రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన తర్వాత, ఆదోనిలో ఆ వ్యాపారి ఇంట్లోనే పెళ్లికి చీరలు కావాలంటే మా మగ్గాల మేస్త్రి నన్ను పంపాడు. తండ్రి కూర్చునే పరుపు మీద కొడుకు కూర్చుని ఉన్నాడు. ఒకే తరగతి మళ్లీ మళ్లీ తప్పి, చివరికి వ్యాపారంలోకి దిగాడట. నన్ను గుర్తుపట్టి సంతోషంగా పక్కన కూర్చోబెట్టుకున్నాడు.

"నువ్వు బాగా సదివేటోనివి గదప్పా! ఏమిటికి నిలిపేసినావు?"

ఎగతాళి కాదు. వాడికి నిజంగానే గుర్తు లేదు. చీరల మూట ముందుకు జరిపాను.

"పోనీలే, సదువుకున్నోళ్లు మాత్రం ఏం బాగుపడినారు?" అని నవ్వి, మూట విప్పమన్నాడు.

విప్పాను.