ముందు గది, తర్వాతే స్పీకర్లు

మా మామయ్యకి ఒకటే జబ్బు. ఏ గదిలో అడుగుపెట్టినా ముందు గట్టిగా రెండు చప్పట్లు కొట్టి, తల పక్కకి వాల్చి, గోడలేమంటున్నాయో వింటాడు. పలకరింపులు ఆ తర్వాతే. అందరూ ఆయన్ని చప్పట్ల మేస్త్రీ అంటారు. నేను ఆయన భార్యకి మేనకోడల్ని కాబట్టి ఆ పరువులో నాకూ వాటా ఉంది.

ఆయనది స్టీరియోలు బాగుచేసి అమ్మే కొట్టు. "మంచి ఆంప్లిఫయర్ ఏదండీ?" అని అడిగినవాడి పని అయిపోయినట్టే.

"ముందు మీ గది చూడాలి."

"గదెందుకండీ? నేను కొనేది ఆంప్లిఫయర్ కదా!"

"పాట మీ చెవికి చేరేది గదిలోంచే కదా! ముందు గది. తర్వాత స్పీకర్లు. ఆంప్లిఫయర్ మూడోది. వైర్లంటారా, తెగకుండా ఉంటే చాలు."

వాళ్లింటికి వెళ్లి, చప్పట్లు కొట్టి, "మీకు కావాల్సింది మందపాటి పరదాలు" అని చెప్పి వచ్చేస్తాడు. వాళ్లు పరదాలూ కొనరు, ఆంప్లిఫయర్ పక్క కొట్లో కొంటారు. ఈయనకి చీమ కుట్టినట్టయినా ఉండదు.

పక్కవీధి టైలరు పోయినప్పుడు చూడటానికి వెళ్లాం. హాల్లో శవం, చుట్టూ ఏడుపులు. మామయ్య గుమ్మం దాటాడో లేదో, చప్, చప్! ఏడుపులు ఠక్కున ఆగిపోయాయి.

"గోడలు బోడిగా ఉన్నాయి. ప్రతి ఏడుపూ రెండుసార్లు వినపడుతోంది" అన్నాడు, ఏదో సాయం చేస్తున్నట్టు.

టైలరు తమ్ముడు లేచి కాలరు పట్టుకున్నాడు. మా అమ్మ మధ్యలో దూరి విడిపించింది. దారి పొడుగునా చీవాట్లే. "శవం దగ్గర చప్పట్లేమిటి అన్నయ్యగారూ! మీకు బుద్ధుందా?" ఆయన అత్త చెయ్యి పట్టుకుని నడిచాడు.

కిందటేడు అత్తకి కడుపులో గడ్డ అన్నారు. మంచిది కాదన్నారు. ఆస్పత్రిలో ఇచ్చిన గది నేల నుంచి పైకప్పు దాకా తెల్లటి పలకలే. మామయ్య కొట్టిన చప్పట్లకి పక్కగదిలో ముసలాయన ఉలిక్కిపడి మందుసీసా కింద పడేశాడు. నర్సు వచ్చి చెడామడా తిట్టింది.

మర్నాడు నేనూ అమ్మా అక్కడే ఉండగా డాక్టరు మంచం కాళ్ల దగ్గర నిలబడి గడగడా ఏదో చెప్పి, "ఆపరేషన్ చేయమంటారా?" అని అడిగాడు. అత్త తలూపింది.

"సంతకం పెట్టించండి" అన్నాడు నర్సుతో.

"ఆగండి! గది బాగాలేదు" అన్నాడు మామయ్య.

డాక్టరు ఆయన్ని ఎగాదిగా చూశాడు. "పది నిమిషాల్లో వస్తాను. ఈలోగా మీలో మీరు తేల్చుకోండి" అని వెళ్లిపోయాడు.

నాకు ఒళ్లు మండిపోయింది. "అత్త చచ్చిపోతోంది మామయ్యా! ఇప్పుడు కూడా నీ చప్పట్ల గోలేనా?" అని అరిచాను. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. ఆయన వరండాలోకి వెళ్లిపోయాడు. ఒక్కో తలుపూ తీస్తున్న చప్పుడు, వెనకే చప్పట్లు, ఆ వెనకే ఎవరివో తిట్లు.

నా అరుపు అత్తకి వినపడినట్టుంది. నన్ను దగ్గరికి లాక్కుంది.

"ఆయన్ని ఏమీ అనకే. పెళ్లయిన ఏడాదే జ్వరమొచ్చి నాకు ఒక చెవి పోయింది. రెండోది సగమే పనిచేస్తుంది. గోడలు మోగితే మాట మీద మాట పడి అంతా ముద్దయిపోతుంది. బడిలో ఉద్యోగం పోతుందేమోనని ఎవరికీ చెప్పొద్దన్నాను. 'నీ చెవి జోలికి ఎవరూ రాకుండా నా పిచ్చి గురించే చెప్పుకునేలా చేస్తాలే' అన్నారు. ఎక్కడికెళ్లినా ముందు గది చూసి, నాకు వినపడే చోట కూర్చోబెడతారు."

"మరి ఇందాక డాక్టరుకి తలూపావే?"

"ఒక్క ముక్కా వినపడలేదు. అందరూ నావైపే చూస్తుంటే ఊపేశాను."

అమ్మ గోడకి ఆనుకుని అలాగే నిలబడిపోయింది.

అంతలో మామయ్య పరుగెత్తుకొచ్చాడు. "దొరికింది!"

వరండా చివర ఉతికిన దుప్పట్లు పెట్టే గది అది. మూడు వైపులా అరల నిండా మడతలే. చప్పట్లు కొడితే అక్కడికక్కడే చచ్చిపోయాయి. "పేషెంట్లని ఇక్కడికి తీసుకురాకూడదండీ" అంది నర్సు. "పేషెంటు దుప్పటి దగ్గరికి రాకూడదా?" అని మామయ్య అత్త కూర్చున్న చక్రాల కుర్చీని లోపలికి తోసేశాడు. తిరిగొచ్చిన డాక్టరుకి నేనే సంగతి చెప్పాను. ఆయన స్టూలు లాక్కుని అత్త మంచి చెవి వైపు కూర్చున్నాడు.

"ఆపరేషన్ చేస్తే ఎన్నాళ్లుంటాను?" అడిగింది అత్త.

"ఏడాది ఉండొచ్చు. ఎక్కువ భాగం మంచం మీదే."

"చేయకపోతే?"

"నాలుగైదు నెలలు. నొప్పికి మందిస్తాం. ఇంట్లో తిరుగుతూనే ఉండొచ్చు."

"ఇంటికి పోతాను" అంది. ఈసారి తలూపలేదు, నోటితోనే చెప్పింది. మామయ్య అరలో ఉన్న దుప్పటి కొసతో కళ్లొత్తుకుంటే నర్సు చూసీ చూడనట్టు ఊరుకుంది.

గుమ్మం దగ్గర అమ్మ గొంతు తగ్గించి నాతో అంది. "ఇన్నాళ్లూ తిక్కమనిషి అనుకున్నానే పాపం. అయినా మీ మామయ్యకి కాస్త తిక్కుందిలే."

"కాస్తేం కాదు వదినా, బోలెడుంది" అంది అత్త కుర్చీలోంచి.