ఏమీ తెలియని కొండల్ రావు గారు

కొండల్ రావు గారికి ఏమీ తెలియదు. ఈ మాట నాది కాదు, ఆయనే రోజుకు పాతికసార్లు చెప్పుకునేవారు. డబ్లిన్‌లో, లెపర్డ్స్‌టౌన్ దగ్గర మా ఆఫీసు. హోటల్ గదుల బుకింగ్ సాఫ్ట్‌వేర్ మాది. మా ఆరుగురిలో ఆయనే సీనియర్, ఏడేళ్ళ సర్వీసు. ఏమడిగినా ఒకటే జవాబు: "నాకు తెల్వదు. ఇందుమతినడుగు."

ఆ ఇందుమతిని నేనే. చేరి ఎనిమిది నెలలు. ఆఖరికి ఆయన పుట్టినరోజు కేకు మీద వయసెంత వేయించాలన్నా, "ఇందమ్మకు తెలుస్తది" అన్నారు మహానుభావుడు!

సాయంత్రం లువాస్ ట్రామ్‌లోనూ వదిలేవారు కాదు.

"ఇందమ్మా, ఒక్క గది ఇద్దరికి బుక్కయితే మన సిస్టం ఏం జేస్తది? నాకు సమజైతలేదు, జర చెప్పు."

చెప్పేదాన్ని.

"మరి ఇద్దరు ఒక్కటే నిమిషంల బుక్ చేస్తే?"

అది నాకూ తెలియదు. ఇంటికెళ్ళి, కూర మాడబెట్టుకుని మరీ చదివి, మర్నాడు చెప్పేదాన్ని. ఏడేళ్ళుగా ఈయన ఏం వెలగబెట్టాడురా భగవంతుడా అని తిట్టుకునేదాన్ని.

ఇంతలో మా మేనేజర్ జెరార్డ్ మానేశాడు. ఆయన స్థానంలో ఫియోనా వచ్చింది. నా కాంట్రాక్టు ఆ నెలాఖరుకు అయిపోతుంది, ఈ దేశంలో పనిచేయడానికి నాకున్న పర్మిట్టూ దాని మీదే ఉంది. "పని చూసి పొడిగిస్తాను" అందావిడ.

ఫియోనా ముందు సీనియర్ దగ్గరికే వెళ్ళింది.

"డబుల్ బుకింగుల సంగతి ఎవరు చెబుతారు?"

"ఇందుమతి."

"ఒకే నిమిషంలో రెండొస్తే?"

"ఇందుమతి."

ఆవిడ అడిగినవన్నీ ట్రామ్‌లో అయిపోయిన ప్రశ్నలే. తడుముకోకుండా చెప్పేశాను. మూడో వారానికి ఆవిడ నా పక్కనే కుర్చీ వేసుకుంది.

నెలాఖరున పిలిచి, "ఏడాది పొడిగించాను" అంది. నేను థాంక్స్ చెప్పేలోపే, "కొండల్ రావు నీకు బాగా నేర్పాడు" అంది.

"ఆయనా! ఆయనకేం తెలియదండీ!" నోరు జారాను.

ఆవిడ స్క్రీన్ నా వైపు తిప్పింది. డబుల్ బుకింగుల ప్రోగ్రాం మొదటి లైను నుంచి చివరిదాకా రాసింది కొండల్ రావు గారే! సిగ్గుతో చచ్చిపోయాను.

ట్రామ్‌లో నిలదీశాను. "ఎందుకండీ ఈ నాటకం?"

"నేను చెప్తే నా పేరే గుర్తుంటది. నా నౌకరీ పర్మనెంటు, నాకేం ఫికర్? కాంట్రాక్టు పొడిగించేటోళ్ళకు నీ పేరు ఎర్కుండాలె గద."

"మిమ్మల్ని రోజూ తిట్టుకున్నానండీ."

"ఎర్కే. తిట్టుకుంటనే మంచిగ చదివినవ్." హాయిగా నవ్వారు. "అది ఇడిసిపెట్టు. మన టీంల నీ ఎనక చేరిన రఘువీర్ కాంట్రాక్టు అక్టోబర్ల అయిపోతది. రేపటి సంది నువ్వు గూడ ఏం తెల్వనట్టుండాలె. అయితదా?"

మర్నాడు పొద్దున్నే రఘువీర్ ఒక సందేహంతో వచ్చాడు. జవాబు నాకు కొట్టినపిండి. చెప్పేయాలని నాలుక ఒకటే దురద.

"నాకు తెలియదు రఘూ, నువ్వే చూసి చెప్పు" అనేసి, ఇంకో క్షణం ఉంటే కక్కేస్తానని కాఫీకి పారిపోయాను.